సూది పైకి పోయిన రోజు



మే నెలలో ఒక ఆదివారం ఆరాధనలో మేము చెప్పిన సాక్ష్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సంఘంలోని ఒక పెద్దమ్మను నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఉప్పల్ రింగ్ రోడ్డు ఇంకా రాకముందే కారు పొగలు కక్కి ఆగిపోయిందనీ, అది సాతాను వేసిన అడ్డమనీ, అయినా ప్రభువు ఒక ఆటోను పంపి ఆమెను సమయానికి చేర్చాడనీ చెప్పాం. మీరు హల్లెలూయా అన్నారు. తర్వాతి రెండు ఆదివారాలు కారు రిపేరుకని కానుక కూడా ఇచ్చారు. ఆటో సంగతి నిజమే, దానికి దేవునికి స్తోత్రం. మిగతాది సరిచేయవలసి ఉంది. ఇది అందుకే రాస్తున్నాం.

మన కారు మీకు తెలిసిందే. తెల్ల మారుతి 800, 1997 మోడల్. సంఘం కానుకలతోనే కొన్నాం. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు మొదటి కారు తాళాలు అందించినప్పటి నుంచి ఎన్ని ఇళ్ళకు ఇది మొదటి కారు అయిందో! మన హైదరాబాదులో 2010లోనే కొత్తవి అమ్మడం ఆపేశారు, 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. ఇంజను 796 సీసీ. మూడే మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండరు అడ్డంగా 68.5 మిల్లీమీటర్లు, అందులో పిస్టను పైకీ కిందికీ 72 మిల్లీమీటర్లు నడుస్తుంది. అంటే ఒక్కోటి ఒక మామూలు టీ గిన్నె అంత కూడా ఉండదు. శక్తి 40 హార్స్ పవర్‌కి లోపే. అయినా 650 కిలోల బండినీ, అందులో ఇరుక్కుని కూర్చున్న మనల్నీ, డిక్కీలో కీబోర్డునూ, రెండు స్పీకర్లనూ ఇన్నేళ్ళు మోసింది.

ఆ ఇంజనుకు నీళ్ళు ప్రాణం. సిలిండర్ల చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్ళు ముందున్న రేడియేటరులోకి వచ్చి చల్లబడి మళ్ళీ లోపలికి పోతాయి. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి చాలు, రేడియేటరు దానంతటదే చల్లబడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఆ గాలి ఉండదు కాబట్టి ఒక కరెంటు ఫ్యాను పెట్టారు. నీళ్ళు ఒక స్థాయికి వేడెక్కగానే ఒక చిన్న స్విచ్ ఆ ఫ్యానును తిప్పుతుంది. మా కారులో ఆ స్విచ్ ఎప్పుడు పోయిందో మాకు తెలియదు. మన ఊరి రోడ్ల మీద, హైవే మీద తెలిసే అవకాశమే లేదు, అక్కడ గాలి ఉంది కదా. పట్నం ట్రాఫిక్‌లో నిలబడ్డ రోజునే అది బయటపడుతుంది.

దానికి తోడు మా నిర్లక్ష్యం. రేడియేటరులో కూలెంట్ పోయాలి. మేమేమో రెండేళ్ళుగా బోరు నీళ్ళు పోస్తూ వచ్చాం. కూలెంట్ డబ్బా ఖరీదు మిగిలిందనుకున్నాం. మన బోరు నీళ్ళ సంగతి చెప్పాలా? బకెట్టు అంచుకు తెల్లగా పేరుకునేదే రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ పేరుకుంది. పైగా తుప్పు. అసలు నీళ్ళు ఎంత ఉన్నాయో బానెట్ ఎత్తి చూసి ఎన్ని వారాలైందో ఆ రోజు మాకే గుర్తులేదు.

ఆ రోజు ఘట్‌కేసర్ దాటేదాకా అంతా బాగానే ఉంది. నారపల్లి నుంచి బండ్లు చీమల బారు. మేడిపల్లి దగ్గర వేడి చూపించే సూది సగం దాటింది. బోడుప్పల్ వచ్చేసరికి ఎర్ర గీత దగ్గరికి పోయింది. మాలో ఒకరు సూది చూపించారు, ఇంకొకరు "ప్రార్థన చెయ్యి, పోదాం" అన్నారు. ఎవరు ఏది అన్నారో మా ఇంటి సంగతి, ఇక్కడ వద్దు. వెనక సీట్లో పెద్దమ్మ చేతిలో ఆసుపత్రి చీటీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. పక్కకు తీసి ఇంజను ఆపేస్తే అరగంటలో చల్లబడేది. ఓపీ సమయం దాటిపోతుందని ఆపలేదు. ప్రార్థించాం, నడిపాం. చివరికి బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది, బండి ఒక్కసారి వణికి ఆగింది. ఆ ఎండలో పెద్దమ్మను డివైడరు పక్కన, ఒక ఫ్లెక్సీ నీడన కూర్చోబెట్టాం. షుగరు మనిషి. ఆటో దొరికేదాకా గడిచిన ఆ ముప్పావు గంట మాకు మరచిపోవడం చేతకావడం లేదు.

కారును తాడు కట్టించి రామంతాపూర్‌లో ఒక గల్లీలో ఉన్న మెకానిక్ దగ్గరికి చేర్చాం. పెద్దాయన, అందరూ చాచా అంటారు. ఆయన సోమవారం చూస్తానన్నాడు. మేమేమో బానెట్ ఎవరూ ఎత్తకముందే, ఆదివారమే, కారణం సాతాను అని పులపీటం మీద నుంచి తేల్చేశాం.

సోమవారం చాచా ముందు పానా పట్టలేదు. స్టూలు వేసి కూర్చోమని రెండు ప్రశ్నలడిగాడు. "సూది ఎక్కడ పైకి పోయింది పాస్టర్ సాబ్? అక్కడి నుంచి ఎంత దూరం నడిపిన్రు?"

"ఉప్పల్ దగ్గరే, వెంటనే ఆపేశాం" అన్నాం. అబద్ధం. ఎందుకు చెప్పామో ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆయనకు మేము బాకీ లేము, ఆయన మా సంఘస్థుడు కాడు.

ఆయన ఏమీ అనలేదు. ఇంజను ఆయిలు మూత విప్పి లోపలి వైపు చూపించాడు. నల్లగా ఉండాల్సింది పాలు ఎక్కువైన టీ మీది మీగడలా ఉంది. "నీళ్ళు ఆయిల్ల కలిసినయ్. ఒక్క కిలోమీటరుకు ఇట్ల కాదు సాబ్" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు చెప్పాం. మేడిపల్లి నుంచి అని.

రాజులు రెండవ గ్రంథం ఆరవ అధ్యాయంలో గొడ్డలి నీళ్ళలో పడిన సంగతి మీకు ఎన్నోసార్లు బోధించాం. ఆ శిష్యుడి ఏడుపంతా అది అడిగి తెచ్చుకున్నదని. ఎలీషా మొదట చేసింది అద్భుతం కాదు, ఎక్కడ పడిందని అడిగాడు. అతడు చోటు చూపించాకనే కొమ్మ నరికి వేశాడు, ఇనుము తేలింది. ఇన్నేళ్ళూ మేము తేలిన ఇనుము గురించే ప్రసంగించాం. ఆ మధ్యలోని ప్రశ్న మీద ఒక్క నిమిషం నిలబడలేదు. రామంతాపూర్ గల్లీలో స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న మాకు తగిలింది. మా గొడ్డలి కూడా అడిగి తెచ్చుకున్నదే, మీ కానుకలది.

ఇక రిపేరు సంగతి. ఇంజను హెడ్డు అల్యూమినియంది, మితిమీరి వేడెక్కితే వంగుతుంది. అప్పుడు హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉన్న గ్యాస్కెట్ పట్టు వదులుతుంది, నీళ్ళు ఆయిల్లోకి, గ్యాసు నీళ్ళలోకి పోతాయి. హెడ్డు విప్పి ఉక్కు స్కేలు పెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనబడింది. నాచారం వైపు లేత్ షాపుకు పంపి ఫేసింగ్ చేయించాడు. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు వస్తూ, ఒక్కసారిగా కాక విడతలుగా బిగించాడు. ఎలాగూ విప్పాం కదా అని టైమింగ్ బెల్టు, వాల్వు సీళ్ళు మార్చాడు. పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చే నీలం పొగ ఆ సీళ్ళదేనట, మేము చలికాలపు పొగ అనుకునేవాళ్ళం. కార్బురేటరు జెట్లలో చెత్త తీశాడు. పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రం కూడా మార్చాడు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, 1997 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. పాత మారుతి ఉన్నవాళ్ళు మీరూ ఒకసారి చూపించుకోండి.

మొత్తం 11,400 రూపాయలు. అందులో ఆ ఫ్యాను స్విచ్ 350. మీ కానుక 9,850 వచ్చింది, మిగతాది మేము వేసుకున్నాం. నిజానికి అంతా మేమే వేసుకోవాల్సింది, నెలనెలా కొంచెంగా సంఘం పెట్టెలో తిరిగి వేస్తున్నాం. లెక్క పుస్తకం పెద్దల దగ్గర ఉంది, చూడవచ్చు.

ఆ 9,850లో పెద్దమ్మ పింఛను డబ్బు 500 ఉంది. అందుకే ఇది రాయకముందు మొన్న బుధవారం ఆమె ఇంటికి వెళ్ళి చెప్పాం. సాతాను కాదు పెద్దమ్మా, నీళ్ళు చూసుకోనిది మేమే, సూది కనబడ్డాక ఆపనిది కూడా మేమేనని. 500 తిరిగి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"గట్లనా అయ్యగారూ! మరి నేను ఇన్నొద్దులు సాతానునే తిట్టుకుంట కూసున్న గదా" అంది. తర్వాత, "మరి ఇప్పుడు నీళ్ళెవరు చూస్తున్నరు?" అని అడిగింది.

వారానికోసారి, శనివారం సాయంత్రం, ఇంజను చల్లబడ్డాకే మూత తీసి మేమే చూస్తున్నాం అన్నాం. వేడి మీద తీస్తే మరిగే నీళ్ళు మొహాన కొడతాయి, అది కూడా చాచా చెప్పిందే. డ్యాష్‌బోర్డు మీద తారీఖులు రాసే చిన్న నోటుబుక్కు పెట్టాం. ఈసారి కారెక్కినప్పుడు ఆ బుక్కు తనకు చూపించమంది. చదవడం రాదు కదా అంటే, "గీతలు లెక్కవెడ్త" అంది.

ఆమెకు మళ్ళీ వచ్చే నెల పదో తారీఖున నాచారంలో చూపించుకోవాలి. ఎండ ఎక్కకముందే, పొద్దున ఆరింటికి బయలుదేరుతున్నాం.