పసుపు గడి, తెల్ల గడి

2025 ఆగస్టు 16, డెన్వర్
లాటరీలో తగిలిన ప్రాంగ్‌హార్న్ వేట ట్యాగు (అనుమతి) వయోమింగ్‌లో, రాలిన్స్ దగ్గర. చేతి జీపీఎస్ ఉంది, పాత గార్మిన్. దాంతోపాటే వచ్చిన మ్యాపులో హైవే, నాలుగు ఊళ్ల పేర్లు, అంతే. మ్యాపు వేరే కొనాలి.

ఆగస్టు 17
ఎవరిని కదిపినా 24కె అంటారు. 1:24,000 స్కేలు, మ్యాపు మీద అంగుళం నేల మీద 2,000 అడుగులు. 100కెలో అదే అంగుళం మైలున్నర దాటుతుంది. ఎల్క్ వేటకైతే 24కెకి తిరుగులేదు. నిటారు వాలులో కాంటూర్ గీతలు ఎడంగా జరిగిన చోట చిన్న చదును ఉంటుంది, ఎల్క్ పడుకోవడానికి చూసేది అలాంటి చోటే. నేను పోయేది సేజ్ పొదల మైదానం. గీతలు ఎన్నుంటేనేం, చూడ్డానికి కొండ ఉండొద్దూ!

ఆగస్టు 23
పక్కింటి పెద్దాయన భూమి ఎవరిదో చూపే మ్యాపున్న తన చిప్పు జీపీఎస్‌లో పెట్టి చూపించారు. కేంద్రం భూమి (బీఎల్ఎం) పసుపు, ఫారెస్ట్ సర్వీసుది ఆకుపచ్చ, రాష్ట్రానిది నీలం, ప్రైవేటుది తెలుపు. తెలుపు మీద నొక్కితే యజమాని పేరు. "గుట్ట కంటికే కనిపిస్తుంది, భూమి ఎవరిదో కనపడదు కదా" అన్నారు.

ఆగస్టు 24
రాలిన్స్ చుట్టూ మ్యాపంతా చదరంగం బల్లే. 1862 చట్టం కింద, పట్టాలు వేసినందుకు యూనియన్ పసిఫిక్‌కి గడి విడిచి గడి రాసిచ్చారు. గడి అంటే చదరపు మైలు, 640 ఎకరాలు. పసుపులోంచి పసుపులోకి పోవాలంటే మూల దాటాలి. 2021లో ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరి వేటగాళ్లు నలుగురు మూల మీద నిచ్చెన వేసుకుని, తెల్ల గడిలో కాలు మోపకుండా దాటారు. అయినా కేసు పెట్టారు. 2022లో జ్యూరీ నిర్దోషులంది. భూయజమాని సివిల్ దావాకి వెళ్లాడు. మొన్న మార్చిలో అప్పీలు కోర్టు కూడా వేటగాళ్ల వైపే నిలిచింది.

ఆగస్టు 30
గుంటూరు నుంచి తమ్ముడి ఫోన్. "వేటాడితే జైల్లో వెయ్యరా అన్నయ్యా?" మన దగ్గర నేరమే మరి. ట్యాగుంటే వెయ్యరురా, పక్కవాడి భూమిలో దిగితేనే చిక్కు అన్నాను. "ఓహో, గట్టు తగాదాయేగా!" అన్నాడు, తెలిసిన సంగతే అన్నట్టు.

సెప్టెంబరు 6
ఉచితంగా దొరికే కాంటూర్ మ్యాపొకటి కార్డులో వేశాను. జీపీఎస్‌తో వచ్చినదీ ఇదీ, రెండు మ్యాపులూ ఆన్‌లో ఉంటే పైది కింది దాన్ని మింగేస్తోంది. పైనుండేది పారదర్శకమైతేనే రెండూ కనిపిస్తాయి. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, స్కేలు తర్వాత.
ఇంకో తమాషా. డైనింగ్ టేబుల్ మీద కదలకుండా పెడితే బాణం గుర్తు కాసేపటికి పెద్దాయన పెరట్లో తేలింది! ఆరుబయట ఇంత పోదు, పది పదిహేను అడుగులు. దానికి కౌంటీ రికార్డుల్లో సరిహద్దు గీత జరిగిన తేడా కూడా కలుస్తుంది. బాగా జూమ్ చేస్తే గీత సన్నగా, నమ్మకంగా కనబడుతుంది. స్క్రీన్‌దేముంది, ఎంత కావాలంటే అంత పెంచి చూపిస్తుంది.

సెప్టెంబరు 7
పాత కాగితం మ్యాపుల్లో ఎన్‌ఏడీ 27 డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం), జీపీఎస్‌లో డబ్ల్యూజీఎస్ 84. సెట్టింగు మార్చకుండా అంకెలు ఎక్కిస్తే పదుల మీటర్లు పక్కకి.

సెప్టెంబరు 13
24కె కొనలేదు. యాజమాన్యం చిప్పు, పెన్సిల్ సెల్స్, బీఎల్ఎం వాళ్ల కాగితం మ్యాపు కొన్నాను. అదీ 100కె స్కేలే, ఈ పనికి చాలు. కౌంటీ రోడ్డును ఆనుకున్న పసుపు గళ్లకి పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. కోర్టే దాటొచ్చంటే నీకెందుకు భయం అంటారు పెద్దాయన. దాటొచ్చు, కాదనను. మూల దగ్గర సర్వేవాళ్ల ఇత్తడి బిళ్ల కంటికి కనబడితే నేనూ దాటతా.