కాకినాడ రేవులో ఒక పాత బార్జి

ముదిగొండ వారికి నీళ్లంటే మున్నేరు, పాలేరు జలాశయం. సముద్రాన్ని మేము పాఠాలలోనే చూశాము. మా మదర్సాలో చదివిన ఒక కుర్రవాడు కాకినాడలో సరుకు బార్జి మీద కళాసీగా కుదిరాడు. వాని తల్లి వచ్చి, “హజ్రత్, ఒకసారి మీరు చూసి రండి. సరేనంటే ఉంచుతాను, వద్దంటే పిలిపించుకుంటాను” అన్నది. వాళ్లాయన లేడు, ఉన్నది ఒక్క కొడుకు. ఆ మాట భారం మోస్తూ ఖమ్మంలో రాత్రి రైలెక్కాము.

కాకినాడలో 1997లో లోతునీటి రేవు వచ్చినా, పాత లంగరు రేవు పని మానలేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగుతాయి. ఆఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యం బస్తాలను బార్జీలు వాటి వద్దకు చేరుస్తాయి. తూర్పున హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ అలలకు అడ్డు నిలుస్తుంది గనుక అక్కడ పని సాగుతున్నది.

మేమెక్కిన బార్జి వయసు సరంగుకే తెలియదు. ఇనుప దేహం, తుప్పు మీద రంగు, రంగు మీద తుప్పు. ఒరిపిడికి ఇరువైపులా పాత లారీ టైర్లు వేలాడుతున్నాయి. నడుమ బస్తాల గొయ్యి, దానిపై టార్పాలిన్. వెనుక చిన్న గది: ఇంజను, చుక్కాని చక్రం, పొయ్యి, మంచినీళ్ల డ్రమ్ము, ఐదుగురి చాపలు. అడుగున ఊరే నీటిని తోడేందుకు ఒక పంపు. అది ఆగితే బకెట్లే.

ఆ మాటలు వింటుంటే మాకు ముచ్చట వేసింది. లంగరు, సరంగు, బందరు ఫారసీ పదాలు. చుక్కాని అరబ్బీ ‘సుక్కాన్’. పూర్వం అరబ్బు ఓడలకు దారి చూపేవానిని ‘ముఅల్లిమ్’ అనేవారు, అంటే మా వృత్తి పేరే! తెలుగు తీరానికి ఆ నావికులు సరుకులతో పాటు మాటలనూ దించి వెళ్లారు.

కుర్రవాడు బార్జి పక్కన గీసిన గీత చూపించాడు. అది మునిగితే బరువెక్కువైనట్లు. ఓడలకు ఇటువంటి గుర్తు తప్పనిసరి చేస్తూ 1876లో బ్రిటనులో చట్టం వచ్చింది. అందుకు పోరాడినవాడు శామ్యూల్ ప్లిమ్‌సాల్. ఆనాడు గీత నీటికి జానెడు పైనే ఉన్నది, అల్‌హమ్దులిల్లాహ్.

నమాజు సంగతి వాడే అడిగాడు. లంగరు వేసినా గాలికి బార్జి తిరుగుతుంది, మరి ఖిబ్లా? నిలబడగలిగితే నిలబడే చేయాలి, పడవ తిరిగితే తానూ ఖిబ్లా వైపు తిరగాలి అని చెప్పాము. “ఊరి దీపాలు పడమరనే కదా హజ్రత్, వాటిని చూసి తిరుగుతాను” అన్నాడు.

నచ్చనిది ఒకటి కనబడింది. ప్రాణరక్షణ జాకెట్లు రెండే ఉన్నాయి, వాటికీ పట్టీలు తెగిపోయాయి. మేము బజారుకు వెళ్లి, ప్రయాణానికి దాచుకున్న డబ్బుతో కొత్తదొకటి కొని తెచ్చి వాని చేతిలో పెట్టాము. సరంగు దానిని చూసి, “ఒక్కడికేనా మౌల్వీగారూ?” అని నవ్వాడు. మాకు తల వంగిపోయింది. ఖుర్ఆనులోని కహఫ్ సూరాలో సముద్రం మీద పనిచేసుకునే పేదల ఓడ కథను ఏళ్లుగా బోధిస్తున్నాము. ఆ పేదలు ఒక్కడు కాదని మాకప్పుడు గుర్తుకు రాలేదు.

యజమాని గుమాస్తాను కలిసి, ఐదుగురికీ జాకెట్లు ఇవ్వాలని కాగితం రాసి ఇచ్చాము. చూస్తామన్నాడు. తుఫానుల కాలం రాకముందే ఇవ్వకుంటే కుర్రవాణ్ణి పిలిపించుకుంటామని కూడా అందులో రాశాము.

ముదిగొండ చేరి ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆమె అంతా విని, “మిగతా నలుగురి తల్లులకు ఎవరు చెప్పారు హజ్రత్?” అన్నది. గుమాస్తాకు మరొక ఉత్తరం మరునాడే వేశాము.