హంటింగ్టన్ వీధిలో మళ్ళీ బడి

నలభై ఆరో ఏట పలకా బలపం పట్టుకుని బోస్టన్ వెళ్ళానంటే నవ్వకండి. హంటింగ్టన్ వీధిలో ట్రాం దిగితే హార్వర్డ్ వారి ప్రజారోగ్య పాఠశాల. 1983లో అక్కడ మొదలైన తకెమి ఫెలోషిప్, ఉద్యోగంలో సగం దారి నడిచిన మాబోటి వాళ్ళ కోసమే. తారో తకెమి అంటే 1957 నుంచి 1982 దాకా జపాను వైద్య సంఘానికి అధ్యక్షుడు. పరీక్షల్లేవు, పట్టా ఇవ్వరు. ఎవరి పరిశోధన వారిది. చలి సంగతి చెప్పను. చెప్పినా మా ఆవిడే నమ్మలేదు.

ఒకనాడు మా జిల్లా ఆసుపత్రుల్లో వైద్యమంతా ఉచితమని గొప్పగా చదివాను. ఘానా నుంచి వచ్చిన డాక్టరమ్మ మెల్లిగా అడిగింది:

"ఆసుపత్రిదాకా రావడానికి రోగికి ఎంతవుతుంది?"

బస్సు చార్జీ, తోడొచ్చినవాడి కూలి, హోటలు భోజనం... ఇరవై ఏళ్ళుగా సంతకాలు పెడుతున్నానే, ఒక్కనాడూ లెక్క కట్టలేదు! నోట మాట రాలేదు. ఆ రాత్రే నా వ్యాసం పక్కన పడేసి, కొత్త కాగితం తీశాను.

తిరిగొచ్చాక, ఆసుపత్రి వరసలో ముందు నిలబడ్డ ముసలమ్మనే అడిగాను, ఎప్పుడు బయల్దేరావమ్మా అని.

"నిన్న పొద్దుగూకే వేళకే, నాయనా!" అంది.