ఆకాశ యుద్ధనౌక – అమరచింత మగ్గం

వెనకటి తరం పిల్లలు పుష్పక విమానం కథ వింటూ నిద్రపోయేవారు. మా తరానికి మరో విమానం దొరికింది. దాన్ని సృష్టించిన కల్పనా లోకానికి ‘స్టీమ్‌పంక్’ అని పేరు. ఆ లోకంలో పెట్రోలు పుట్టలేదు, కరెంటు రాలేదు. సమస్తమూ ఆవిరితోనే నడుస్తుంది. ఎక్కడ చూసినా ఇత్తడి పళ్ళచక్రాలు, రాగి గొట్టాలు, బొగ్గుపొగ. ఆ పొగ మధ్యనుంచి కోటంత యుద్ధనౌక ఒకటి ఆకాశంలో తేలుతూ వస్తుంది. ఇరుపక్కలా ఇనుపరేకులు, వరుసగా ఫిరంగులు, పైన సేనాపతి పచార్లు చేసే డెక్కు. దాని నీడ పడి కింది పట్టణం పట్టపగలే చీకటవుతుంది. చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నాకూ పొడిచింది, అబద్ధమెందుకు?

అయితే నేను అమరచింతవాణ్ణి. మగ్గాల ఊళ్ళో పుట్టినవాడికి ఏ వస్తువును చూసినా ‘ఇది పోత పోసిందా, నేసిందా?’ అనే సందేహం ముందు కలుగుతుంది. ఆ సందేహమే నాచేత ఈ నాలుగు ముక్కలు రాయిస్తున్నది.

ముందు లెక్క చూద్దాం. ఒక ఘనమీటరు హైడ్రోజన్ వాయువు ఎత్తగలిగేది ఒక కిలో పైచిలుకు బరువు మాత్రమే. అంటే 50 కిలోల బియ్యం బస్తా ఒక్కటి గాలిలో తేలాలంటే, నాలుగు మంచాలు పట్టే హాస్టలు గదంత సంచి కావాలి. ఇక ఇనుపరేకులు, ఫిరంగులు, బాయిలరు, దాని నిండా నీళ్ళు, గుట్టలకొద్దీ బొగ్గు! మన కథలోని నౌక లేవాలంటే పైన కట్టే సంచి ఊరంత ఉండాలన్నమాట.

ఆవిరితో ఆకాశయానం నిజంగా జరగలేదా అంటే, జరిగింది. ఫ్రాన్సులో హెన్రీ జిఫార్ అనే ఆయన 1852 సెప్టెంబరు 24న 44 మీటర్ల పొడవున్న వాయునౌకకు ఆవిరియంత్రం బిగించి పారిసు నుంచి సుమారు 27 కిలోమీటర్లు ప్రయాణం చేశాడు. ఆ యంత్రం బలం మూడంటే మూడు గుర్రాలు. నిప్పురవ్వ ఎగిరి వాయువుకు అంటుకుంటుందేమోనని పొగగొట్టాన్ని కిందికి వంచి పెట్టాడు. ఎదురుగాలి వీస్తే తిరిగి రావడం కూడా దాని చేత కాలేదు. ఫిరంగుల ముచ్చట ఇంకెక్కడిది?

యుద్ధానికి పనికివచ్చిన వాయునౌకలు జర్మనీలో కౌంట్ జెప్పెలిన్ కట్టించినవి. మొదటిది 1900 జూలై 2న లేచింది. 1915 జనవరిలో అవి సముద్రం దాటి ఇంగ్లండు మీద బాంబులు వేశాయి. ఆ మే నెలాఖరుకు లండను దాకా వెళ్ళాయి. యుద్ధం ముగిసేలోగా బ్రిటన్‌లో ఐదువందల మందికి పైగా వాటి బాంబులకు బలి అయ్యారు. చనిపోయినవాళ్ళు సైనికులేనా? ఇళ్ళలో పడుకున్న ఆడవాళ్ళు, పిల్లలు కూడా.

ఆ మహానౌకల ఫోటో ఒకటి ఫోనులో మా తాతకు చూపించాను. ఆయన అప్పుడే గుంట మగ్గంలోంచి కాళ్ళు పైకి తీసి, గోడకు జారబడి కూర్చున్నాడు.

“గిదంత ఇనుమేనారా?” అన్నాడు.

“కాదు తాతా, లోపల తేలిక లోహంతో చట్రం. పైన కప్పింది నూలుబట్టనే.”

ఆయన కళ్ళు చిట్లించి మళ్ళీ చూశాడు. “గంజి ఏం బెట్టిన్రు?”

ఇన్ని పుస్తకాలు తిరగేసినా నాకు తట్టని ప్రశ్న అది! ‘డోప్’ అనే వార్నిషులాంటి పూత పూసేవారనీ, అది ఆరితే బట్ట డప్పు మీది తోలులా బిగుసుకుంటుందనీ చెప్పాను. తాత తల ఊపాడు. తన పడుగుకు గంజి పట్టించే పనీ, ఆ పనీ ఒక్క జాతివేనని ఆయనకు అర్థమైపోయింది.

“మరి నేసినోని పేరు రాసిన్రా దాని మీద?”

“పేరుంది తాతా. కట్టించిన దొర పేరు.”

“అట్లనే ఉంటది” అని, కండెలు చుట్టుకోవడానికి లేచాడు.

తాతకు చెప్పని సంగతి ఇంకొకటుంది. నౌక లోపలి వాయువు సంచులకు బట్ట చాలదు. హైడ్రోజన్ బట్ట సందుల్లోంచి కారిపోతుంది. అందుకని ఆవుల పేగుల మీది సన్నని పొరలను ఒకదానిమీద ఒకటి అతికించి వాడేవారు. ఒక్క పెద్ద నౌకకు రెండు లక్షలకు పైగా ఆవుల పేగులు కావలసి వచ్చేవి. అక్కడివాళ్ళు పేగులలో మాంసం కూరి సాసేజి అనే వంటకం చేసుకుంటారు. యుద్ధకాలంలో ఆ పేగుల కోసం సాసేజీల తయారీకి కూడా ఆంక్షలు పెట్టారు. ఆకాశంలో గర్జించిన ఏనుగు అసలు రూపం ఇదీ: నూలు, పేగు, జిగురు!

అంతటి ఏనుగును చంపడానికి ఒక్క మనిషి, ఒక్క తుపాకీ సరిపోయాయి. 1916 సెప్టెంబరు 3 తెల్లవారుజామున విలియం లీఫ్ రాబిన్‌సన్ అనే యువకుడు చిన్న విమానంలో వెళ్ళి, నిప్పు రగిల్చే తూటాలతో ఎస్.ఎల్.11 అనే జర్మన్ వాయునౌకను లండను సమీపంలో కూల్చాడు. అందులోని పదహారు మందీ కాలిపోయారు. ఈ రాబిన్‌సన్ పుట్టింది మన పొరుగున, కొడగులోని కాఫీతోటలో. తర్వాత ఇంగ్లండు నుంచి కరాచీకి బయలుదేరిన ఆర్.101 1930 అక్టోబరు 5న ఫ్రాన్సులో కూలి 48 మంది, 1937 మే 6న హిండెన్‌బర్గ్ అమెరికాలో అంటుకొని 36 మంది పోయారు. మహానౌకల కథ అక్కడితో దాదాపు ముగిసింది.

ఇందులో అమరచింత ప్రసక్తి ఏమిటని మీరడగవచ్చు. ఉంది. ఆ రోజుల్లో మాది నిజాం రాజ్యంలో ఒక సంస్థానం. రాజుగారు ఉండేది ఆత్మకూరులో. పట్టు, జరీ అంచుల సన్నని మస్లిన్ ధోవతులకూ తలపాగాలకూ ఆ సంస్థానం పేరుపొందింది. ఏటేటా నిజాంకు పేష్కషు చెల్లించేది. ఆ నిజాం, ఏడవ ఉస్మాన్ అలీ ఖాన్, 1918లో తన ధనంతో బ్రిటిషువారి 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్.9ఏ అనే బాంబరు విమానాలు బహూకరించాడు. దానికి ‘హైదరాబాదు స్క్వాడ్రన్’ అనే పేరు వచ్చింది. అవి జర్మనీ పట్టణాల మీద బాంబులు వేశాయి. రెండు నెలల యుద్ధంలో వాటిలో 17 తిరిగి రాలేదు.

ఆ విమానాలకు రెక్కలు దేనితో చేశారనుకున్నారు? కర్ర చట్రం మీద బిగించిన అవిసెనార బట్టతో! మళ్ళీ బట్టే. వాటిలో ఒకటి, ఎఫ్.1010 నంబరుది, 1918 అక్టోబరు 5న శత్రువుల చేతికి చిక్కింది. బెర్లినులో ప్రదర్శనకు నిలిచి, రెండవ ప్రపంచయుద్ధంలో పోలండు చేరి, 1977లో ఇంగ్లండుకు తిరిగివచ్చి, బ్రిటిషు వైమానిక దళపు మ్యూజియంలో చోటు సంపాదించుకున్నది. దాని ఒంటిమీద నిజాం బహుమతి అన్న మాటా, ‘హైదరాబాదు నెం. 12ఏ’ అన్న గుర్తూ ఉన్నాయి. దాత పేరుంది. ఆ ధనం కూడబెట్టిన రైతు పేరు గానీ, నేతగాని పేరు గానీ లేదు. ఖజానాలో పడ్డ రూపాయికి ఊరి పేరుండదు గదా! కాలమహిమ చూడండి: ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి, 1948 సెప్టెంబరులో, భారత వైమానిక దళపు టెంపెస్టు విమానాలు ఆ నిజాం రాజ్యం మీదికే యుద్ధానికి వచ్చాయి.

మిత్రులారా! కల్పన వద్దని నేననను. కల్పన లేనిదే చదువు ఎండిన చెరువు. నా పేచీ ఒక్కటే. ఆ కథల్లో సేనాపతి ఉంటాడు, ఇంజనీరు ఉంటాడు, రాకుమారి ఉంటుంది. అంత సంచి నేసినవాళ్ళు మాత్రం ఒక్క బొమ్మలోనూ కనబడరు. కథలోనే కాదు, బయటా అంతే. మా ఊళ్ళో చీర పూర్తయితే అంగడి పేరుతో అమ్ముడుపోతుంది. మా ఇంట్లో మగ్గం ఎక్కే ఆఖరి మనిషి మా తాతే. ఆయన మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు మొరాయించకుండా ఉంటాయో చెప్పలేం. నేను ఫిజిక్సు చదువుతున్నాను. హైడ్రోజన్ ఎంత బరువు లేపుతుందో నాకు తెలుసు. తెగిన పడుగుపోగును ముడి కనబడకుండా అతకడం ఆయనకు తెలుసు. రెండూ విద్యలే. మొదటిదానికి పట్టా ఇస్తారు. రెండవది ఆయనతోనే పోతుంది.

అందుచేత, ఈసారి మీకు ఆకాశంలో ఏ మహానౌక కనిపించినా, అది కథలోదైనా సరే, నిజమైనదైనా సరే, ఫిరంగులు లెక్కపెట్టే ముందు తాత అడిగిన రెండు ప్రశ్నలూ అడగండి: గంజి ఏం పెట్టారు? నేసినవాడి పేరు రాశారా? మొదటిదానికి ఏ పుస్తకంలోనైనా జవాబు దొరుకుతుంది. రెండవదానికి జవాబు రాయవలసింది మనమే.