ఇసుకలో తైలం

ఇసుక నుండి నూనె తీయవచ్చునేమో గాని మూర్ఖుని మనస్సును రంజింపజేయలేమన్న ఏనుగు లక్ష్మణకవి పద్యం ఎరుగని తెలుగువారు అరుదు. ఉద్యోగవిరమణ దాకా ఆ పద్యాన్ని పాఠం చెబుతూనే ఉన్నాను. ఇసుకలో తైలమంటే అసంభవానికి ఉదాహరణమని వివరించేవాణ్ణి.

1998లో, కోనసీమలో, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "మాస్టారండీ, మన ఊళ్ల కింద ఇసుకరాతిలోంచే కదండీ చమురూ గ్యాసూ తీస్తున్నారు?" అన్నాడు. తరగతి ఘొల్లుమంది. నా పాండిత్యానికి దెబ్బ తగిలింది. "చివరిపాదంలో ఉన్నవాడివి నువ్వేరా!" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ తరువాత నన్నేదీ అడగలేదు.

మొన్న సంక్రాంతికి అతడు మా ఇంటికి వచ్చాడు. నార్వేలో చమురు ఇంజనీరు. ఈసారి ప్రశ్న నేనడిగాను: "భూగర్భంలో చమురు చెరువులా ఉంటుందా నాయనా?"

"లేదండీ, రాతిలోని సూక్ష్మరంధ్రాలలో ఉంటుంది. ఆ రంధ్రాల గోడ నీటితో తడుస్తుందా, చమురుతోనా అన్నదే అసలు సంగతి" అన్నాడు. గాజుపలకపై నీరు పరుచుకుంటుంది. తామరాకుపై పూసలా నిలుస్తుంది. నీటిబొట్టు అంచు రాతితో చేసే కోణం 90 డిగ్రీలకు బాగా తక్కువైతే రాయి నీటి పక్షం. బాగా మించితే చమురు పక్షం. నీటి పక్షమైతే నీరు గోడలను పట్టుకొని చమురును వెలికి నెడుతుంది. చమురు పక్షమైతే మనం పంపిన నీరు నడిమి దారిన జారిపోతుంది. చమురు గోడలకు అంటుకొని మిగిలిపోతుంది.

ఆ రాళ్లు మొదట నీటిలో తడిసినవే. వలస వచ్చిన చమురులోని ఆమ్లాలు, ఆస్ఫాల్టీన్లు యుగాల తరబడి అంటుకొని వాటి స్వభావాన్ని మారుస్తాయట. ఇసుకరాతి సిలికాకు సాధారణంగా ఋణావేశం. సున్నపురాతికి తరచు ధనావేశం. చమురులోని కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఋణావేశం పొంది సున్నపురాతిని గట్టిగా పట్టుకుంటాయి.

ఉత్తర సముద్రంలో 1969లో కనుగొన్న ఎకోఫిస్క్ క్షేత్రం సుద్దరాతిది. జన్మంతా సుద్దముక్కతో గడిపిన నాకు ఆ మాట వినగానే ఆసక్తి హెచ్చింది. అక్కడ 1987 నుండి పెద్ద ఎత్తున సముద్రజలాన్ని లోపలికి పంపుతున్నారు. ఆ నీటిలోని సల్ఫేటు సుద్ద గోడను చేరి ధనావేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడు కాల్షియం దగ్గరకు వచ్చి చమురు ఆమ్లాన్ని గోడ నుండి విడిపిస్తుంది. వేడి ఎక్కువైన చోట మెగ్నీషియం కూడా ఈ పనికి తోడవుతుంది. పరిశోధకులు చెప్పే వివరణ ఇది. పంపిన నీటి పరిమాణమే కాదు, అందులోని లవణాలూ ముఖ్యమన్నమాట.

సంస్కృతంలో స్నేహమంటే నూనె కూడా. పిండిని ముద్ద చేసే గుణం స్నేహమనీ, అది నీటికే సొంతమనీ తార్కికులంటారు. రాతిని ఎవరు తడపాలన్న ఈ తగవు వారికి నచ్చి ఉండేది.

వెళ్లబోతుంటే, "ఆనాడు నిన్ను అనరాని మాట అన్నాను నాయనా" అన్నాను.

"నాకు గుర్తే లేదండీ" అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆ పద్యాన్ని తప్పు లేకుండా అప్పజెప్పాడు, చివరిపాదం తప్ప. అక్కడ ఆగి, నమస్కరించి వెళ్లిపోయాడు.

మిత్రులారా, 'వెట్టబిలిటీ'కి 'క్లేద్యత' అని పెట్టబోయి మానుకున్నాను. 'తడిసే గుణం' చాలదూ? ఇంతకంటె చక్కని మాట తోస్తే చెప్పండి. ఈసారి ఎవరినీ కూర్చోమనను.