రాత్రిపూట పంటు లేదు

మా సైదాబాదులో జలుబు చేసినవాడికి జలుబుకన్నా పెద్ద చిక్కు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలా అన్నది. వీధి మొగలో పిల్లల డాక్టరు, ఎదురుగా పళ్ళ డాక్టరు, మందుల షాపు మేడమీద ఎముకల డాక్టరు. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే ఓపికుంటే ఒంట్లో ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క బోర్డు కనిపిస్తుంది. ఇంత వైద్యం మధ్య కాపురముంటున్న నేను, పోయిన సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులపాటు, ఏరు దాటితే గాని పెద్దాసుపత్రి దొరకని దీవిలో ఉండి వచ్చాను.

నా దగ్గర చదువుకున్న శిష్యుడొకడు కృష్ణా జిల్లా ఎదురుమొండిలో బడిపంతులు. "కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూపిస్తాను, రండి మేష్టారూ" అని ఎన్నాళ్ళనుంచో పిలుస్తున్నాడు. ప్రయాణమంటే మా ఆవిడ మొదట సర్దేది మందుల డబ్బా. "అక్కడ డాక్టరు అందుతాడో లేదో" అన్నది. నేను నవ్వాను.

ఎల్.బి.నగర్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి విజయవాడ. అక్కడినుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. తెలుగు పంతులికి ఈ దారంతా తీర్థయాత్రే. శ్రీకాకుళాంధ్ర విష్ణువు కలలో కనబడి 'ఆముక్తమాల్యద' రాయమన్నాడని కృష్ణరాయలు చెప్పుకున్నది ఈ ప్రాంతంలోనే. ఆ దేవుణ్ణే కాసుల పురుషోత్తమకవి నిందాస్తుతితో నిలదీశాడు. ఈ కబుర్లు మా ఆవిడకి చెబుతూండగానే అవనిగడ్డ, నాగాయలంక దాటిపోయాయి. ఏటిమొగ రేవు దగ్గర రోడ్డు ఆగిపోయింది. ముందు ఏరు.

మనుషులూ, మోటారుసైకిళ్ళూ, బియ్యం బస్తాలూ, రెండు మేకలూ, మేమూ ఒకే పంటు ఎక్కాం. అవతలి గట్టున వరిచేలూ, చెరువులూ, మడచెట్లూ. అక్కడినుంచి మళ్ళీ పడవెక్కితే ఈలచెట్లదిబ్బ, జాలరుల పల్లె. నీళ్ళమీద సూర్యాస్తమయం చూసి, ఈ ఊళ్ళోనే ఉండిపోతే బాగుండునన్నాను. శిష్యుడు నవ్వలేదు.

"ఒక శ్రావణమాసం రాత్రి మా నాన్నని పొలం గట్టున పాము కరిచింది మేష్టారూ. పంటు కట్టేశారు. పడవవాణ్ణి నిద్రలేపి, లాంతరు పట్టుకుని ఏరు దాటించాం. ఆయువుండి బతికాడు" అన్నాడు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. అప్పుడు ఎక్కడెక్కడినుంచో వైద్యులు వచ్చారు, సేవచేశారు, వెళ్ళిపోయారు. పెద్ద ఆపదకు డాక్టర్లు వస్తారు. పాముకాటుకీ, పురిటినొప్పులకీ ఎవరు వస్తారు? 2005లో 108 అంబులెన్సులు వచ్చాయి, ఎందరినో బతికించాయి. కాని ఆ బండి వచ్చేది ఏటిగట్టు దాకానే.

తిరుగు ప్రయాణంలో పంటు మీద ఒక నిండుచూలాలు కనిపించింది. చేతిలో బట్టల మూట. గట్టుమీద మూడేళ్ళ పిల్లవాడు నాయనమ్మ చంకలోంచి ఇటు చేతులు చాస్తున్నాడు.

"నెలలు నిండినాయా తల్లీ?" అని మా ఆవిడ అడిగింది.

"ఇంకా ఇరవై రోజులుందండీ. అవనిగడ్డలో మా అక్క ఇంట్లో ఉంటాను. నొప్పులొచ్చినాక పంటుకోసం చూస్తా కూకోలేం గదండీ!"

పిల్లవాడు చిన్న చుక్కయ్యేదాకా ఆమె గట్టువైపే చూసింది.

సర్కారువారి లెక్క ఒకటున్నది. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో, చేరడం కష్టమైన చోట్ల 3,000కీ 20,000కీ తగ్గించారు. మంచి పనే. అయినా అది తలల లెక్క. ఏనాటికీ మూడువేల తలలు పోగుకాని దిబ్బలుంటాయి. అక్కడ లెక్కపెట్టవలసింది తలలు కాదు, అర్ధరాత్రి డాక్టరు ముందుకి చేరడానికి పట్టే గంటలు.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. స్కాట్లండు దీవుల్లో డాక్టర్లు నిలవడం లేదని 1912లో ఒక సంఘం విచారించింది. మరుసటి యేడే అక్కడి ప్రభుత్వం డాక్టరుకి కనీసాదాయానికి హామీ ఇచ్చి, ప్రయాణపు ఖర్చు కూడా భరించింది. జపానువారు 1972లో జిచీ వైద్య కళాశాల పెట్టి, ఒక్కొక్క రాష్ట్రంనుంచి పిల్లల్ని ఎంచి, ఫీజు మాఫీచేసి చదివిస్తున్నారు. వాళ్ళు తొమ్మిదేళ్ళు సొంత రాష్ట్రంలో పనిచేయాలి. మన అస్సాంలోనే 2005నుంచి బ్రహ్మపుత్ర లంకలకి వైద్యుణ్ణే పడవలో పంపిస్తున్నారు.

నేను వైద్యుణ్ణి కాను, పద్యాలు చెప్పుకునేవాణ్ణి. అయినా నాకు తోచింది చెబుతాను. దీవికి వెళ్ళే డాక్టరుకీ నర్సుకీ కాపురముండదగ్గ ఇల్లు కట్టించాలి. జీతం ఇచ్చి రాత్రికి ఒక పడవా, ఒక సరంగునూ రేవులోనే ఉంచాలి. అవనిగడ్డలో చూలాళ్ళు ముందుగా వచ్చి ఉండడానికి ఒక వసతిగృహం ఉండాలి, బంధువులు లేనివాళ్ళు ఎక్కడికి పోతారు? అన్నిటికన్నా ముందు, ఏటి అవతల పుట్టిన పిల్లల్నే నర్సులుగా, డాక్టర్లుగా చదివించాలి. చీకట్లో ఏరు దాటడమంటే యేమిటో వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. వంతెన వస్తే సంతోషమే. అది వచ్చేదాకా కాన్పులు ఆగవు.

నెల తిరగకుండా శిష్యుడు ఫోను చేశాడు. పంటు మీది అమ్మాయికి అవనిగడ్డలో ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. మర్నాడు పగటి పంటులో ఇంటికి వెళుతున్నారు.

మా ఆవిడ సంతోషించి, కాసేపటికి అడిగింది: "ఇంటికి చేరాక, పసిగుడ్డుకి రాత్రివేళ జ్వరం వస్తేనో?"

వీధిలో ఆసుపత్రి బోర్డుల దీపాలు వరసగా వెలుగుతున్నాయి. నాకు జవాబు తోచలేదు.