గోదావరి చిత్రకారుఁడు - మన పిల్లల బొమ్మలు

చిత్రలేఖనపు గంటలో “మీ యూరిని వ్రాయుఁడు” అని చెప్పినపుడు మన విద్యార్థులలోఁ బలువురు రెండు త్రికోణపుఁ గొండలను, వాని నడుమ నుదయించు సూర్యుని, క్రింద నొక పెంకుటింటిని వ్రాసి తెత్తురు. ఆ కొండలు భద్రాచలపు అడవులలోనివి కావు, క్యాలెండరులలోనివి. ఇంటి ముంగిట నిప్పపూవు రాలుచుండఁగా, శబరిలోఁ బడవ సాగుచుండఁగా, బాలుఁడు తా నెన్నఁడుఁ జూడని దేశమును వ్రాయుచున్నాఁడు. తన యూరు చిత్రమునకుఁ దగదను తలంపు వాని మనస్సున నెట్లో ప్రవేశించినది.

ఆ తలంపును మాన్పుటకు నేను తఱచుగా దామెర్ల రామారావుగారి చరిత్రమును జెప్పుదును. ఆయన 1897వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించెను. అచటి ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుఁడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర తానును జిత్రకారుఁ డగుటచే నా బాలుని నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. 1916లో రామారావుగారు బొంబాయి జె. జె. చిత్రకళాశాలలోఁ జేరి, 1920లో విద్య ముగించెను. పాశ్చాత్య పద్ధతి నభ్యసించెను. అజంతా గుహలలోని చిత్రములను జూచెను. అయినను వ్రాయవలసిన వస్తువునకై దూరదేశములను వెదకలేదు. జన్మస్థానమునకు మరలి, గోదావరిని, తూర్పు కొండలను, నందిపూజను, కార్తీక పూర్ణిమను వ్రాసెను. 1923లో రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను స్థాపించెను. ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును జిత్రములు వ్రాసినవారే. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికముచే మరణించునాఁటికి ఆయనకు 28 ఏండ్లు నిండలేదు. పిమ్మట మిత్రుఁడు వరద వెంకటరత్నముగారు ఆ శాలను నడపిరి. నూఱేండ్లు గడచినను, రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో నాఁటి గోదావరిని మనము చూడఁగలము.

ఆ గోదావరి మనది కూడను. భద్రాచలము దాఁటి, కూనవరము కడ శబరిని గలిపికొని, పాపికొండల నడుమ నిఱుకుకొని, పిదపఁగదా యది రాజమహేంద్రవరము చేరును! ఆయన చూచిన నీరు ముందుగా మన వాకిండ్ల యెదుట సాగినదే.

ఈ మాట యిపుడు చెప్పుటకుఁ గారణము కలదు. మన విద్యార్థులు కొందఱు కూనవరము, వరరామచంద్రపురము, వేలేరుపాడు ప్రాంతములనుండి వచ్చినవారు. ఆ మండలములు 2014లో ఆంధ్రప్రదేశమునఁ జేర్పఁబడెను. అచటి గ్రామము లనేకములు పోలవరము జలాశయపు ముంపులో నున్నవి. కొన్ని కుటుంబము లిప్పటికే పునరావాస కాలనీలకుఁ దరలినవి.

2022 జూలై 16న భద్రాచలమున గోదావరి 71.3 అడుగుల కెక్కినది. ఆ వరద తరువాత మా తరగతిలో నొక బాలిక తన యింటిని వ్రాసి, చూరు క్రింద గోడపై నడ్డముగా నొక గీఁత గీసెను. “ఇదేమమ్మా?” యని యడిగితిని. “పంతులుగారూ, నీరు ఇంతదాఁక వచ్చినది. పైన వ్రేలాడునది మా అవ్వ విత్తనాలు దాఁచిన సొరబుర్ర, అది తడవలేదు” అనెను. ఆ బొమ్మలోఁ గొలతలు సరిలేవు, గోడ వాలినది. కాని యా యిల్లు మఱియొకరిది కానేరదు.

“బొమ్మలు కూడు పెట్టునా?” యని కొందఱు తల్లిదండ్రు లడుగుదురు. వారి ప్రశ్న న్యాయమైనదే. అందఱును జిత్రకారులు కానక్కఱలేదు. అయితే చెఱఁ గొనిపోఁబడిన యిశ్రాయేలీయులు పరదేశమున యెరూషలేమును మఱవలేదు. ఆ జ్ఞాపకమే వారి నొక జనముగా నిలిపినది. ఊరు విడిచి పోవలసిన బిడ్డకు దాని రూపమును వెంటఁ గొనిపోవు హక్కు లేదా?

కాఁబట్టి, ప్రియ విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీ యింటి గుమ్మమునో, రేవునో, వాఁగునకుఁ బోవు దారినో చూచి యొక బొమ్మ వ్రాయుఁడు. వెనుక ఊరి పేరును, తేదీని వేయుఁడు. బళ్లు తెఱచిన దినమున నా యొద్దకుఁ దెండు. పాఠశాల బీరువాలో ఒక అర ఖాళీచేసి యుంచెదను.